పదిహేడు ఊఁ కొట్టలేదు

తెల్లవారుజామున మూడు దాటి పది నిమిషాలకి
కాగితం తెగింది.
మంగళవారం నుంచి ఇది మూడోసారి.

బయట క్యుమి నది మీద మంచు గట్టిపడుతోంది.
మిల్లు లోపల మాత్రం తడి ఉక్క,
ఉడికిన కలప గుజ్జు వాసన.
తెగిన కాగితం గాలిలోకి లేచి
రోలర్ల కిందికి కుప్పలు కుప్పలుగా జారుతుంటే
యంత్రం పక్కవాళ్లు కేకలేస్తూ పరిగెత్తారు.
రైలి పరిగెత్తలేదు.
థర్మాస్ మూత బిగించి, టార్చి జేబులో వేసుకుని
"రా ఒత్సో" అంది.

నాకీ పని నేర్పింది ఆమే.
మొదటి రోజు చెప్పింది:
కంట్రోలరంటే కథ చెప్పే ముసలమ్మ.
పిల్లలు పదిహేడు మంది,
ఒక్కొక్కడినీ నంబరు పెట్టి పిలుస్తుంది.
ఒకటీ, తిరుగు, ఇంత వేగంతో.
ఊఁ.
రెండూ, నువ్వింకో రవ్వ ఎక్కువ.
ఊఁ.
ఆ ఊఁలోనే వాడి ఒంటి సంగతంతా ఉంటుంది:
ఎంత తిరుగుతున్నాడు, ఎంత కరెంటు తాగుతున్నాడు,
వేడెక్కాడా, అలిగాడా.
పదహారు చిన్న దీపాలు,
వెలిగినవి కొన్ని, ఆరినవి కొన్ని,
అంతే వాడి మాట.
ఇరవై వేలంటే పూర్తి వేగమని
ప్రతిసారీ ఎవరూ విప్పి చెప్పరు.
అది ముందే ఇద్దరి మధ్యా కుదిరిన మాట,
కుదరకపోతే వట్టి అంకె.

పదిహేడు మందినీ పలకరించి
మళ్లీ మొదటివాడి దగ్గరికి రావడానికి
రెప్పపాటులో పదో వంతు చాలు ఆవిడకి.
రెప్పపాటంతా గడిచినా పిలుపు రాకపోతే
పిల్లవాడు ఎదురుచూడడు.
మోటారు చెయ్యి వదిలేస్తాడు.
అలాగే నేర్పాం వాళ్లకి,
మాట వినబడనప్పుడు ఏదీ పట్టుకుని ఉండొద్దని.
ఆలోగా కాగితం రెండు మీటర్లు పరుగెత్తి ఉంటుంది.

డ్రైవ్‌ల గదిలో పదహారు పచ్చ దీపాలు,
చివర ఒక్క ఎరుపు.
రైలి తప్పుల జాబితా తిప్పింది,
మూడు సమయాలూ అరచేతి మీద పెన్నుతో రాసుకుంది,
క్రేన్ వాళ్లకి ఫోన్ చేసింది.
నిండిన రీలును క్రేన్ ఎత్తినప్పుడే, మూడుసార్లూ.

అక్కడి నుంచి ఊదా రంగు కేబుల్ వెంట
వేలితో తడుముకుంటూ నడిచింది,
అల్మారా నుంచి అల్మారాకి.
"తీగ చివర మాటను మింగేవాడొకడు ఉండాలి" అంది,
నాతోనో, తీగతోనో.
లేకపోతే మాట గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చి
తన వెనకాలే వస్తున్న మాట మీద పడుతుంది.
ఏది పిలుపో ఏది ప్రతిధ్వనో తేలదు.
మామూలప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది,
క్రేన్ రొద కూడా తోడైతే ఇక అంతే.

పదిహేడో నంబరు కనెక్టర్ పక్కన
వేలిగోరంత స్విచ్.
ఆఫ్‌లో ఉంది.

మంగళవారం ఆ కనెక్టర్ మార్చింది నేనే.
షిఫ్టు చివర, బస్సు వేళకి,
స్క్రూలు బిగించాను, పచ్చ దీపం వెలిగింది,
తలుపు మూసేశాను.
పచ్చ దీపం వెలిగితే చాలనుకున్నాను.

రైలి గోటితో స్విచ్ జరిపింది.
ఫ్యాన్ల హోరులో ఆ టిక్కు కూడా వినిపించలేదు.
నా వైపు చూడలేదు.
లాగ్ పుస్తకం తీసి రాసింది:
మూడు యాభై రెండు. పదిహేడు. చివరి స్విచ్ ఆన్ చేశాం.
చేశాం, అని రాసింది.
మరిచిపోయిందెవరో రాయలేదు.

నాలుగున్నరకి కాగితం మళ్లీ ఎక్కింది.
ఐదుకి క్రేన్ రీలు ఎత్తుతుంటే
ఇద్దరం ఆ ఒక్క దీపం ముందు నిలబడ్డాం.
ఊఁ, అంది పదిహేడు.
మళ్లీ ఊఁ.
లెక్కపెట్టలేనన్ని ఊఁలు.

"ఇకనుంచి చూసుకుంటావుగా?" అంది రైలి.
మా వైపు అవుననడానికి
ఊపిరి లోపలికి పీల్చుకుంటూ "యో" అంటాం,
కొత్తవాళ్లకి అది ఉలిక్కిపాటులా ఉంటుంది.
యో, అన్నాను.
వినబడిందో లేదో,
ఆమె థర్మాస్ మూత విప్పుతోంది.